వాగు దాటిన మక్క కంకులు

మా అవ్వ లెక్కలో పరదేశం పోయింది మా అన్న కాదు, నేను. అన్న మస్కట్‌లో ఉంటాడు. రోజూ అన్నం తినే వేళకు వీడియో కాల్‌లో కనిపిస్తాడు, కంచంలో ఏం కూర ఉందో కూడా చూపిస్తాడు. నేనేమో ఆసిఫాబాద్ అవతల, కొండల నడుమ జామ్డిగూడ అనే గోండు గూడెంలో చిన్నపిల్లలకు చదువు చెబుతుంటాను. నా ఫోన్ కలవాలంటే ఊరి వెనక బండ ఎక్కాలి. వాన పడితే ఎక్కినా కలవదు. "వాడు దగ్గర్నే ఉన్నడు. నువ్వే దేశం దాటి పోయినవు బిడ్డా" అంటుంది అవ్వ. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు.

సిరిసిల్లలో మాది సాంచాల ఇల్లు. మరమగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని, పోయిన చలికాలంలో ఆ గూడెంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టేది కాదు. తర్వాత అలవాటైంది. ఇప్పుడు దసరా సెలవులకు ఇంటికి వచ్చి, సాంచాల చప్పుడుకు నిద్రపట్టక ఇది రాస్తున్నాను.

రాయాల్సింది నా గురించి కాదు, రేణుక గురించి. కరీంనగర్‌లో డీఎడ్ చదివేటప్పుడు నేనూ ఆమే హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. ఈసారి ఆమెకూ టీచరు ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ ఎక్కడ వేశారయ్యా అంటే, మా వాగుకు అవతలి ఒడ్డున ఉన్న తుమ్మిగూడలో! ఆ బడికి చాలాకాలంగా పంతులు లేడు, తాళం వేసి ఉంది. అక్కడి పిల్లలు వాగు దాటి నా బడికి వస్తారు. వాగు పొంగితే ఆగిపోతారు. ఈ వానాకాలంలో వాళ్లు వచ్చిన రోజులకన్నా రాని రోజులే ఎక్కువ.

సోమవారానికల్లా రేణుక ఆసిఫాబాద్ వచ్చి చేరకపోతే ఉద్యోగం పోతుంది. ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. కరీంనగర్‌లో ప్రైవేటు బడి ఉద్యోగం ఉండనే ఉంది. "ఒక్కసారి ఊరు చూస్త సరితా. చూసినంకనే చేరుడా, వద్దా అన్నది చెప్త" అని ఫోన్ చేసింది. సరే, నేనే వచ్చి తీసుకుపోతానన్నాను. ఆమెతో సంతకం పెట్టించకుండా వదలకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. పట్టిన పట్టు విడవడం మా ఇంటావంటా లేదు. అందుకోసం కొన్ని అబద్ధాలు కూడా ఆడాను. సిగ్నల్ ఉంటుందన్నాను. వాగు మోకాలి లోతేనన్నాను. పాములు నేనైతే చూడలేదన్నాను.

పెద్దపల్లి

బడిని తోటి మాస్టారుకు అప్పజెప్పి కిందికి దిగి, ఇంటికి వెళ్లి అవ్వ చేత తిట్లు తిని, శుక్రవారం పొద్దున కరీంనగర్‌లో పెద్దపల్లి బస్సెక్కాను. దారిపొడుగునా వరి పచ్చగా ఉంది. మా కొండల్లో పంట ఎంత పండినా అడవి ముందు చిన్నగానే కనిపిస్తుంది. ఇక్కడ కంటికి ఆనినంత మేరా పొలమే.

రేణుక వాళ్ల ఊరు పెద్దపల్లికి దగ్గరే. నేను వెళ్లేసరికి ఆమె బాపు వాకిట్లో బస్తా మూతి కుడుతున్నాడు. ఇంటి వెనక అరెకరంలో వేసిన మక్క, అదే మొక్కజొన్న. ఆ పొద్దునే విరిచిన కంకులు, పాలు కారుతున్నాయి.

"ఇంత బరువు ఎందుకు బాపూ? అక్కడ కూడ మక్క వేస్తరు" అన్నాను.

"ఒకల ఊరికి పోతూ ఉత్త చేతులతోని పోతరా?" అన్నాడాయన సూది దించకుండానే. "మా చేన్ల పండినయి. మా బిడ్డ చేతులకెల్లి పెట్టాలె."

ఆమె అవ్వ లోపల్నుంచి వచ్చింది. చాయ్ ఇచ్చింది, గడపలో కూర్చుంది. మేం బయల్దేరుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు తోలుకపోతున్నవు. బిడ్డ మనసు కష్టవెట్టుకోకుండ మళ్ల నువ్వే తోలుకరావాలె" అంది. తిరిగి తీసుకురావడానికి కాదు నేను తీసుకెళ్తున్నది. తల మాత్రం ఊపాను.

పెద్దపల్లిలో రైలు ఎక్కాం. ఎదురుసీట్లో ఒక పెద్దమ్మ మా బస్తాను చూసి, "ఏం దీసుకపోతున్రు బిడ్డా?" అని అడిగింది. రేణుక బస్తా మూతి కాస్త విప్పి రెండు కంకులు తీసి ఆమె ఒడిలో పెట్టింది. పెద్దమ్మ మురిసిపోయింది. కాసేపు పంటల గురించి, వానల గురించి అయ్యాక అసలు ప్రశ్న వచ్చింది. "మీరు ఏమోళ్లు?"

కులం అడగడానికి మా వైపు ఇదే మాట. రేణుక తడుముకోలేదు. "మాదిగోళ్లం పెద్దమ్మా. గీమె పద్మశాలోళ్లు."

పెద్దమ్మ "అట్లనా" అని కిటికీలోంచి బయటికి చూసింది. కంకులైతే తిరిగి ఇవ్వలేదు, సంచిలో వేసుకుంది. ఆమె దిగిపోయాక రేణుక నవ్వింది. "పచ్చి కంకికి పొట్టు ఉంటది సరితా. దానికేం అంటదు. గదే కంకి నేను కాల్చి ఇచ్చిన్ననుకో, ఇయ్యాల ఒక్కపొద్దు అంటుండె."

నాకు నవ్వు రాలేదు. హాస్టల్లో రెండేళ్లు ఒకే కంచంలో తిన్నాం మేం. ఆ మాటలు ఆమె ఇంత తేలిగ్గా చెప్పగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

నస్పూర్

మంచిర్యాలలో దిగి, పక్కనే ఉన్న నస్పూర్‌లో రేణుక చిన్నమ్మ ఇంట్లో ఆ రోజు ఉన్నాం. చిన్నబాపు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. గోదావరి చేప పులుసు పెట్టారు. మా సిరిసిల్ల పులుసుకన్నా చింతపండు ఎక్కువ, కారం ఇంకా ఎక్కువ. నేను నీళ్లు తాగుతూ తిన్నాను, రేణుక మాత్రం పైనుంచి పచ్చిమిరపకాయ కొరుక్కుంది.

చిన్నమ్మ వడ్డిస్తున్నంతసేపూ ఒకటే మాట. "గా అడివిల ఏమున్నది బిడ్డా? పులి తిరుగుతున్నదని టీవీల చెప్తున్రు. జర సోంచాయించు."

చిన్నబాపు పులుసు మరోసారి పోయించుకుని తిన్నాడు. తిన్నాక కంచంలోనే చెయ్యి కడుక్కుని అన్నాడు. "బాయిల దిగిన మొదటి రోజు భయమైంది నాకు. రెండో రోజు కూడ అయింది. ఇప్పటికి కూడ లిఫ్ట్ కదిలినప్పుడు జర అయితనే ఉంటది. భయమున్నదని ఎవ్వడు దిగకుంటె మీకు కరెంటు ఎట్లస్తది?"

"నువ్వు ఊకో" అంది చిన్నమ్మ. నాకైతే ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది.

ఆసిఫాబాద్

శనివారం పొద్దున ఆసిఫాబాద్ బస్టాండులో దిగేసరికి ఆకలి దంచేస్తోంది. రేణుక ఇడ్లీ కోసం వెతికింది. ఇక్కడ పొద్దున పూట పోహా తినాలని చెప్పాను. అటుకులు, ఉల్లిగడ్డ, పైన కొంచెం సేవు, అంటే సన్న కారప్పూస, వేసి నిమ్మకాయ పిండి ఇస్తారు. ప్లేటు ఇరవై రూపాయలు. హోటలాయన మమ్మల్ని చూసి, "ఏం పాహిజే అక్కా?" అన్నాడు. ఏం కావాలని అడగడం, సగం తెలుగు, సగం మరాఠీ. ఇక్కడ చాలామంది మాట అలాగే ఉంటుంది. రేణుక ఆ మాటను పదిసార్లు అనుకుంటూ నేర్చుకుంది. ఏదైనా ఊరు నచ్చితేనే మనిషి ఆ ఊరి మాట పలుకుతుందని నాకో నమ్మకం. లోలోపల సంబరపడ్డాను.

అక్కడి నుంచి షేరింగ్ ఆటో. మనిషికి యాభై. ఆటో డ్రైవరు బస్తా వైపు చూసి, "గది మనిషి కూసునే జాగ తింటది. దానికి సుత యాభై" అన్నాడు. నేను కొట్లాడాను. రేణుక నవ్వుతూ ఇచ్చేసింది. "మా బాపు పంపిన మనిషే అనుకో" అంది. రోడ్డు అయిపోయేదాకా ఆ బస్తా మా ఇద్దరి మధ్య దర్జాగా కూర్చుని వచ్చింది.

వాగు

రోడ్డు అయిపోయిన చోటి నుంచి నడక. టేకు ఆకులు గొడుగుల్లా ఉన్నాయి, కింద బురద. ముందు తుమ్మిగూడ వస్తుంది. బడి వరండాలో మేకలు పడుకుని ఉన్నాయి. రేణుక కిటికీ ఊచల్లోంచి లోపలికి చాలాసేపు చూసింది. నల్లబల్ల మీద ఎవరో ఎప్పుడో రాసిన ఎక్కం సగం చెరిగి ఉంది. ఏమంటుందోనని నేను పక్కనే నిలబడ్డాను. ఆమె మేకలను వరండాలోంచి అదిలించి, బస్తా మళ్లీ నెత్తికెత్తుకుంది.

ఊరు దాటగానే వాగు. మోకాలి లోతన్నానా? తొడల దాకా ఉంది. ఎర్రటి నీళ్లు, మధ్యలో తోపుడు. "మోకాలంటే నీదా, నాదా?" అని అడిగింది రేణుక. నేను ముందు దిగాను, ధైర్యం చూపిద్దామని. నాలుగడుగులు వేశానో లేదో కాలికింద రాయి కదిలింది. పడ్డాను. చెప్పు ఒకటి కొట్టుకుపోయింది, నోట్లోకి వాగు నీళ్లు పోయాయి. నేను చెయ్యి పట్టి నడిపించాల్సిన అతిథి, ఒక చేత్తో నెత్తి మీది బస్తాను పట్టుకుని, ఇంకో చేత్తో నా రెక్క పట్టి అవతలి ఒడ్డుకు లాగింది. బస్తా మీద ఒక్క చుక్క పడలేదు.

"పాములు కూడ ఉన్నయా?" అంది ఒడ్డుకు చేరాక.

"రెండు చూసిన" అని ఒప్పుకున్నాను.

ఎవరూ తీసుకోని కంకులు

జామ్డిగూడలో ఇంటికి చుట్టం వస్తే మొదట కాళ్లకు నీళ్లిస్తారు. మా వైపు చెంబు చేతికిచ్చి ఊరుకుంటారు. ఇక్కడ ఇంటి కోడలే వంగి కాళ్ల మీద పోస్తుంది. నేను అద్దెకు ఉండేది లచ్చుబాయి ఇంటి పక్క గదిలో. ఊళ్లో పెద్దది, నోరున్న మనిషి ఆమె. ఆమె కోడలు రేణుక కాళ్లు కడిగింది. స్టీలు గ్లాసులో నల్ల చాయ్ ఇచ్చారు. తాగిన గ్లాసును రేణుక కడగబోతే కోడలు లాక్కుని తనే లోపలికి తీసుకెళ్లింది. రేణుక అది గమనించింది. ఆమె మొహం విచ్చుకోవడం నేనూ గమనించాను.

కొత్త మేడం వచ్చిందని ఆడవాళ్లు, పిల్లలు పోగయ్యారు. తుమ్మిగూడ వాళ్లు కూడా మా వెనకే వాగు దాటి వచ్చారు. మా ఊరి పటేల్, అంటే పెద్దమనిషి, జంగు. ఎద్దుల అంగడికి వెళ్లాడని చెప్పారు. తెలుగు బాగా వచ్చేది ఆయనకే. మిగతావాళ్లు ఎక్కువగా గోండిలోనే మాట్లాడుకుంటారు, నా గోండి బడి గోడలు దాటదు.

రేణుక బస్తా విప్పింది. రెండు చేతుల నిండా కంకులు తీసి ముందున్న ఆమెకు ఇవ్వబోయింది. "మా బాపు చేన్లయి. తీసుకోండి" అంది.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది. నవ్వింది, తల అడ్డంగా ఊపింది. పక్కనున్నామె వైపు తిరిగితే ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఒక పిల్ల చెయ్యి చాస్తే తల్లి ఆ చెయ్యి పట్టి లాగేసింది. ఇంకొకామె తెలుగులో, "కడుపు నిండుగ ఉన్నది బాయీ" అంది. లచ్చుబాయిని చూశాను. ఆమె కూడా వద్దన్నట్టు చెయ్యి ఊపి, ఎటో చూసింది. ఊరంతా మర్యాదగా నవ్వుతోంది, ఒక్కరూ ఒక్క కంకి ముట్టుకోవడం లేదు.

రేణుక చేతుల్లో కంకులు అలాగే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి బస్తాలో పెట్టి, మూతికి ముడి వేసింది.

గదిలోకి వచ్చాక తలుపు దగ్గరగా వేసి అంది. "పొట్టు తియ్యని కంకి సరితా. పచ్చి కంకి కూడ తీసుకోలే."

"అది కాదే. వీళ్లు అట్లాంటోళ్లు కారు. నీ కాళ్లు కడిగిన్రు గదా."

"మరి ఏమంటవ్? కడుపు నిండిందా ఊరందరికీ?"

 నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చింది. ఈమె కులం వీళ్లకేం తెలుసు అనుకున్నాను, తుమ్మిగూడ వాళ్లకు పెద్దపల్లిలో ఎవరైనా చుట్టాలున్నారా, కొత్త టీచరు ఎవరో ముందే విన్నారా అని కూడా ఆలోచించాను. అలా ఆలోచించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

అప్పుడు రేణుక తన అవ్వ సంగతి చెప్పింది. ఇన్నేళ్ల స్నేహంలో నాకు ఎన్నడూ చెప్పలేదు. వాళ్ల ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే పని ఆమెకు వచ్చిందట. రేణుక అదే బడిలో చదువుతోంది. మొదటి రోజు అవ్వ కొత్త చీర కట్టుకుని వండింది. పిల్లలు వరుసగా కూర్చున్నారు, సగం మంది డబ్బాలు విప్పి ఇంటి అన్నం తిన్నారు. మర్నాడు ఇంకొంతమంది. ఒకరికి జ్వరం, ఒకరికి ఒక్కపొద్దు, ఒకరికి కడుపునొప్పి. ఒక్కరూ అసలు మాట అనలేదు. నెలలోపే వేరే ఆమెను పెట్టారు.

"ఇంటికొచ్చి అవ్వ బువ్వ వండే గంజు బోర్లేసి ఏడ్చింది. గందుకే నన్ను పోవద్దంటున్నది. పలక నా చేతికెల్లి తీసుకుంటరు, బువ్వ తీసుకోరు అని ఆమె భయం" అంది రేణుక. "నేను ఉద్యోగానికి భయపడ్తలేను. వాగుకు భయపడ్తలేను. నవ్వుకుంట వద్దంటరు చూడు, గది రోజూ చూడలేను."

నాకు ఏడుపొచ్చింది. పొద్దున్నే వెళ్లిపోదామంటుందేమో అనుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, "గా పటేల్ ఎప్పుడొస్తడు?" అంది. "మొఖం మీద అడుగుత. అడగకుండ అయితె పోను."

పటేల్ మాట

ఆదివారం పొద్దున జంగు పటేల్ వచ్చాడు. తెల్ల ధోతి, తలకు రుమాలు, చేతిలో చర్నాకోల. "రాం రాం" అన్నాడు. రేణుక కూడా "రాం రాం" అని, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగింది.

"పటేల్, మీ ఊరోళ్లు నా చేతికెల్లి ఇచ్చింది తింటరా, తినరా?"

ఆయన గడప పక్కన ఉన్న బస్తాను చూశాడు. "తినం" అన్నాడు.

 ఆయన చర్నాకోల పక్కన పెట్టి నింపాదిగా కూర్చున్నాడు.

"గవ్వి కొత్త పంట. మేం ఇంక కొత్త తినలే. మా దేవునికి కొత్త గింజ పెట్టి, ఊరంత కూసొని తినే రోజున్నది. వచ్చే వారం. గప్పటిదాక కొత్త మక్క, కొత్త కూర, ఏదీ నోట్ల పెట్టం. నీ చేతిదే కాదు, నా కొడుకు చేన్లకెల్లి తెచ్చినా తినం. చుట్టం తెచ్చింది వద్దనుడు మాకు సిగ్గు. గందుకే ఆడోళ్లు కడుపు నిండిందన్నరు."

లచ్చుబాయి గోండిలో ఏదో గొణిగింది. పటేల్ నవ్వాపుకుంటూ నా వైపు తిరిగాడు. "నువ్వు పోయిన వారం వరండల కంకులు కాల్చుకొని తిన్నవట. గప్పటికెల్లి ఈమె నీ గడప తొక్కుత లేదట."

నిజమే! నేను కాల్చుకు తిన్నాను, అందరినీ పిలిచాను కూడా. ఎవరూ రాలేదు. మొహమాటం అనుకున్నాను. నేను వచ్చింది చలికాలంలో, ఈ ఊళ్లో కొత్త తినే పండుగ నాకు ఇదే మొదటిసారి. పిల్లలకు పాఠం చెప్పే టీచరమ్మను, ఊరి దేవుడికన్నా ముందే కంకి కొరికేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

రేణుక మాత్రం నవ్వలేదు. "పటేల్, గట్లాంటి సాకులు నేను మస్తు విన్న. మీరు నిజమే చెప్తున్నరనుకుంట. మరి పాత బియ్యం, పాత పప్పు వండిన్ననుకోండి. నేనే వండుత. మేం మాదిగోళ్లం. గప్పుడు తింటరా?"

ఆయన చర్నాకోల మళ్లీ చేతిలోకి తీసుకుని, దాని తాడు వేలికి చుట్టి విప్పాడు. 

"నేను తింట" అన్నాడు చివరికి. "మస్తు మంది తింటరు. ముసలోళ్లల్ల కొందరు తినరు. నీకు అబద్ధం చెప్ప."

"వండుత" అంది రేణుక.

పొయ్యి

నా గదిలో బియ్యం బస్తా ఉంది, కంది పప్పు ఉంది. కూరకు టమాటాలు, బీరకాయలు బుట్టలో పెట్టుకుని బయటికి వస్తే లచ్చుబాయి ఎదురొచ్చింది. బుట్టలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తీసి చూసి, "కొత్త", "కొత్త" అంటూ పక్కన పడేసింది. బీరకాయలు పోయాయి. టమాటాలు పోయాయి. పుంటికూర కట్ట, అదే గోంగూర, అదీ పోయింది. చివరికి మిగిలింది పోయినేటి చింతపండు, ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ. సిరిసిల్లలో ఏ ముసలామైనా నా కూరగాయల బుట్టలో ఇలా చెయ్యి పెడితే గొడవ పెట్టుకునేదాన్ని. ఇక్కడ మాత్రం ఆమె ఏరిపారేసిన ప్రతి బీరకాయకూ నాకు ధైర్యం పెరిగింది. తినాలనుకోని మనిషి ఇంత ఏరదు కదా.

మూడు రాళ్ల పొయ్యి, తడి కట్టెలు. పొగకు కళ్లు మండిపోయాయి. రేణుక చీర కొంగు నడుముకు దోపుకుని పెద్ద గంజులో ఎసరు పెట్టింది. నేను సాయం చేయబోతే వద్దంది. "నీ చెయ్యి పడొద్దు. తిన్నోళ్లు నాది తినాలె, తిననోళ్లు నాది వద్దనాలె" అంది. అందుకని నేను నీళ్లు కూడా అందించలేదు. పక్కన కూర్చుని ఊరికే చూశాను. అంత కష్టమైన పని నేను ఈ మధ్య చేయలేదు.

ఉడికిన పప్పులో చింతపండు పులుసు పోసింది. నేను చెబుతూనే ఉన్నాను, వీళ్లు కారం తక్కువ తింటారని. ఆమె చెయ్యి పెద్దపల్లి చెయ్యి. గుప్పెడు ఎండుమిరపకాయలు పోపులో పడ్డాయి. ఊరంతా తుమ్మింది.

మొదట పిల్లలు వచ్చారు. పిల్లలు ఎక్కడైనా వస్తారు, దానికి రేణుక మొహంలో ఏ మార్పూ లేదు. తర్వాత పటేల్ వచ్చి, రుమాలు తీసి పక్కన పెట్టి, మోదుగాకు విస్తరి ముందు కూర్చున్నాడు. ఆయన పక్కన ఇద్దరు ముగ్గురు మగవాళ్లు. ఆడవాళ్లు దూరంగా గుంపుగా నిలబడి, ఒకరి వెనక ఒకరు దాక్కుంటూ చూస్తున్నారు. రేణుక గరిటె పట్టుకుని వాళ్లనే చూస్తోంది.  నా మొండితనం కోసం ఈమెను ఇంత దూరం తెచ్చి, ఆమె అవ్వ పడిన అవమానమే మళ్లీ పడేలా చేస్తున్నానా అనిపించింది. అనిపించిన మాట నిజం, అయినా అప్పుడు లేచి ఆపడానికి వీల్లేదు. రేణుక గంజు దింపేసింది.

లచ్చుబాయి గుంపును రెండు చేతులతో తోసుకుంటూ వచ్చింది. వచ్చి, రేణుక కాళ్ల దగ్గరే చతికిలబడి, విస్తరి ముందుకు లాక్కుంది. రేణుక వడ్డించింది. ముసలామె కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అందరూ ఆమె నోటినే చూస్తున్నారు.

ఆమె కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. ముక్కు చీది, గోండిలో ఒక తిట్టు తిట్టి, తర్వాత రేణుకకు తెలియాలని తెలుగులో అంది. "ఇంత కారమా! పోరగాండ్లకు గిట్లనే పెడ్తవా నువ్వు?"

"లేదవ్వా" అంది రేణుక.  "పోరగాండ్లకు తక్కువేస్త."

ముసలామె ముక్కు తుడుచుకుంటూ రెండో ముద్ద కలిపింది. ఆ తర్వాత ఆడవాళ్లు ఆగలేదు. తుమ్మిగూడ తల్లులు కూడా కూర్చున్నారు, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకున్నారు. నీళ్ల చెంబు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తిరిగింది. కారానికి అందరూ ఉస్సూ ఉస్సూ అంటూనే తిన్నారు. నేను ఏడుస్తున్నాను. కారానికని చెప్పుకున్నాను.

గంజు ఖాళీ అయ్యాక రేణుక కొంగుతో మొహం తుడుచుకుని, చావడి వైపు చూసింది. అక్కడ ఇద్దరు ముసలివాళ్లు నులక మంచం మీద మొదటి నుంచీ కూర్చునే ఉన్నారు. పిలిచినా రాలేదు. మొహాలు అటు తిప్పుకుని చుట్ట కాలుస్తున్నారు.

"గాళ్లిద్దరు రాలే" అంది.

"రారని చెప్పిన గదా" అన్నాడు పటేల్ చెయ్యి కడుక్కుంటూ. ఆయన గొంతులో సిగ్గు ఉంది.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. పెద్దవాళ్లు, వాళ్ల కాలం వేరు, అని ఏవో మాటలు నోటి దాకా వచ్చాయి. రేణుక నన్ను మాట్లాడనివ్వలేదు.

"వాళ్లది ఏ ఊరు పటేల్?"

"ఒకాయన మా ఊరే. గా రుమాలు కట్టినాయనది తుమ్మిగూడ. ఆయన మనుమరాలు రేపటికెల్లి నీ బడికే రావాలె. నువ్వు చేరితే."

రేణుక ఆ రుమాలు ముసలాయనను కాసేపు చూసింది. ఆయన కూడా ఒకసారి ఇటు చూసి, మళ్లీ తల తిప్పుకున్నాడు.

"చేరుత" అంది. "మంచిగైంది. ఆయనకు రోజూ ఎదురువడ్త."

సోమవారం పొద్దున నేను ముందు, ఆమె వెనక వాగు దాటాం. పదకొండు గంటలకు ఆసిఫాబాద్‌లో సంతకం పెట్టింది.